మీటరమ్మ రాసిన పేరెంట్ క్లాసు

ఆసుపత్రి కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గది పక్కన, కిటికీ లేని వర్క్‌షాపు ఒకటి ఉంది. వార్డుల్లో చెడిపోయిన యంత్రాలన్నీ ట్రాలీలెక్కి అక్కడికే దిగుతాయి. బాగుపడ్డాక లిఫ్టెక్కి పైకి పోతాయి. ఇరవై ఆరేళ్ళుగా వాటి మంచీ చెడూ చూస్తున్న మనిషిని ఆసుపత్రిలో అందరూ మీటరమ్మ అంటారు. కరెంటు కొలిచే మీటరు కోటు జేబులో లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకు పోయినా అది సంచిలో ఉంటుందని, ఆమెతో కలిసి పనిచేసే పొడుగాయన అంటుంటాడు. ఆమె కాదనదు.

ఏ యంత్రం బాగుచేసినా దాన్ని తనిఖీ చేసి, ఒక అట్టకార్డు నింపి, కింద సంతకం పెట్టాకే పైకి పంపడం అక్కడి పద్ధతి. పదహారు రకాల యంత్రాలకు పదహారు రకాల కార్డులు. మీటరమ్మ సంతకం ఉందంటే నర్సులు రెండోసారి చూడరు.

ఒక సోమవారం పెద్ద ఇంజనీరు స్వయంగా కిందికి దిగివచ్చాడు. ఆయన కిందికి వచ్చాడంటే మంచి కబురు కాదని ఇద్దరికీ తెలుసు.

"కార్డుల కాలం అయిపోయిందమ్మా. ఇకమీదట తనిఖీలన్నీ కంప్యూటర్లోనే. ప్రోగ్రాం రాస్తున్నాయన సగంలో వదిలేసి ఇంకో ఉద్యోగానికి పోయాడు. మిగతాది మీరే నేర్చుకుని చూసుకోగలిగితే సరే. లేదంటే ఈ పని మొత్తం బయటివాళ్ళ చేతికి పోతుంది. మూడు నెలలు టైమిచ్చారు."

"పోతే మేమేం చెయ్యాలండీ?" అన్నాడు పొడుగాయన.

పెద్ద ఇంజనీరు గోడమీది స్క్రూడ్రైవర్ల వంక ఒకసారి చూసి లిఫ్టెక్కాడు. ఆయన పోయాక పొడుగాయన, "నావల్ల కాదక్కా. నాకు ఫోన్లో అలారం పెట్టుకోవడమే రాదు" అని చేతులెత్తేశాడు. అంటే భారం ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పక్కర్లేదు.

మీటరమ్మకు యాభై ఒకటి నిండాయి. అయినా ఆసుపత్రి పెట్టించిన ఐదు రోజుల శిక్షణకు నోటు పుస్తకం కొనుక్కుని మరీ వెళ్ళింది. మొదటి మూడు రోజులు ఆమెకు భయమే వెయ్యలేదు. ఇలా ఉంటే అది చెయ్యి, లేకపోతే ఇది చెయ్యి అనడం, ఒకే పనిని పదిసార్లు తిప్పడం, ఇవన్నీ ఆమెకు సర్క్యూట్లలో ఎప్పుడో పరిచయమైనవే. నాలుగో రోజు మాస్టారు బోర్డు మీద వారసత్వం అని రాశాడు. జంతువు పేరెంట్ క్లాసు అన్నాడు, కుక్క చైల్డ్ క్లాసు అన్నాడు, జంతువుకు ఉన్నవన్నీ కుక్కకు వారసత్వంగా వస్తాయన్నాడు.

మీటరమ్మ చెయ్యెత్తింది. "జంతువు పోయాక వస్తాయాండీ, ఉండగానే వస్తాయా?"

గదంతా గొల్లుమంది. ఆమె నిజంగానే అడిగింది. మాస్టారు కూడా నవ్వేసి, అది ఉదాహరణ మాత్రమేనమ్మా అని తర్వాతి పేజీకి పోయాడు. ఆ తర్వాత గంటన్నరసేపు కుక్క అరిచింది, పిల్లి అరిచింది, బాతు కూడా అరిచింది. ఆమెకు మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఐదో రోజు మళ్ళీ చెయ్యెత్తడానికి మొహం చెల్లలేదు.

ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు భర్తే కదిపాడు. "మేడమీదే నుయ్యి పెట్టుకుని బిందె పట్టుకుని ఊరంతా తిరుగుతావేం?"

ఆయనన్న నుయ్యి మరెవరో కాదు, ఆమె తోటికోడలు. మరిది కుటుంబం పై వాటాలో ఉంటుంది. తోటికోడలు ఒక కాలేజీలో ప్రోగ్రామింగే చెబుతుంది. అయితే ఆ నూతి దగ్గరికి మీటరమ్మ వెళ్ళక ఎనిమిదేళ్ళయింది. అప్పట్లో అత్తగారిని ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు గుమాస్తా ఎదుట తోటికోడలు ఫారం లాక్కుని, "అక్కకి ఇవన్నీ తెలీవులెండి, నేను నింపుతాను" అంది. అన్న మనిషి ఆ క్షణమే మరిచిపోయి ఉంటుంది. పడ్డ మనిషి మరిచిపోలేదు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా నీళ్ళొచ్చాయా, వచ్చాయి, గేటు వేశారా, వేశాం, అంతవరకే.

ఆదివారం పొద్దున్న పది గంటలకు మీటరమ్మ నోటు పుస్తకం పట్టుకుని మెట్లెక్కింది. పన్నెండు మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, మళ్ళీ ఎక్కింది.

తలుపు తీసిన తోటికోడలు ఆమె చేతిలోని పుస్తకం చూసి, "రండక్కా" అంది. ఎందుకొచ్చావని అడగలేదు. రెండు గ్లాసుల్లో టీ పోసి, బల్లమీది ఆన్సరు పేపర్ల కట్ట పక్కకు జరిపింది.

మీటరమ్మ సంగతంతా చెప్పింది. కుక్క సంగతి చివర్న చెప్పింది. "పోయాక వస్తాయా అని అడిగానని నవ్వారు."

తోటికోడలు నవ్వలేదు. "మంచి ప్రశ్నే అడిగారు. వారసత్వం అన్న మాటే అంత. మనకి ఆస్తి గుర్తొస్తుంది, పంపకాలు గుర్తొస్తాయి. ఇక్కడ పంపకం లేదు. తల్లి దగ్గర ఉన్నది తల్లి దగ్గరే ఉంటుంది. పిల్లలు పదహారుమంది ఉన్నా పదహారుమందికీ అంతా పూర్తిగా వస్తుంది. ఎవరికీ తరగదు."

"అలాంటి ఇల్లు ఎక్కడుంది తల్లీ!"

"కంప్యూటర్లో ఉందక్కా. కుక్కల్నీ పిల్లుల్నీ వదిలెయ్యండి. మీ వర్క్‌షాపులో ఏమున్నాయి?"

"కార్డులు."

"తెచ్చారా?"

తెచ్చింది. నోటు పుస్తకం మధ్యలో ఖాళీ కార్డులు పదహారూ ఉన్నాయి. తోటికోడలు వాటిని నేలమీద పరిచింది. ఇద్దరూ చాపమీద కూర్చున్నారు.

"ఖాళీ కార్డు ఉంది చూశారా, అదే క్లాసు. ఏమేం రాయాలో, ఏమేం చూడాలో అందులో ఉంటుంది గానీ అది ఏ యంత్రమూ కాదు. చూసే ఒక్కో పనినీ మెథడ్ అంటాం. మీరు నింపి ఒక యంత్రానికి కట్టిన కార్డు ఆబ్జెక్టు. ఒక్క ఖాళీ కార్డు నమూనాతో ఆ రకం యంత్రాలెన్నిటికైనా కార్డులు నింపొచ్చు. సరేనా?"

"సరే."

"ఇప్పుడు చెప్పండి. ఈ పదహారింటిలో ఒకేలా ఉన్నవేంటి?"

మీటరమ్మకు చూడాల్సిన అవసరమే లేదు, కళ్ళు మూసుకుని చెప్పగలదు. "యంత్రం నంబరు, వార్డు. తర్వాత వైరు తెగిందా, ప్లగ్గు బాగుందా, ఎర్తు అందుతోందా, కరెంటు లీకవుతోందా. పైనున్న ఈ ఆరు గళ్ళూ అన్నిటికీ ఒకటే. కింద మాత్రం దేనిది దానికే. పసికందుల్ని వెచ్చగా ఉంచే బల్ల, వార్మర్, అయితే వేడి సరిగ్గా వస్తోందా అని చూడాలి. మందెక్కించే పంపుకి గంటకెన్ని చుక్కలు పడుతున్నాయో చూడాలి."

"పై ఆరు గళ్ళు కత్తిరించి ఒక కార్డు మీద అంటించండి. దానికి యంత్రం అని పేరు పెట్టండి. అదే పేరెంట్ క్లాసు. వార్మర్ కార్డు మీద ఆ ఆరూ మళ్ళీ రాయక్కర్లేదు. నేను యంత్రం క్లాసు బిడ్డని అని ఒక్క మాట రాస్తే చాలు, ఆ ఆరూ దానికి వచ్చేస్తాయి. కింద తన వేడి సంగతి మాత్రం తను రాసుకుంటుంది."

మీటరమ్మ ఆ ఆరు గళ్ళూ కత్తిరించి పక్కన పెట్టింది. వదిలేసి పోయినాయన ప్రోగ్రాం ఆమెకు కళ్ళముందు కదిలింది. ఆయన ఆ ఆరు గళ్ళనూ పదహారుచోట్లా పదహారుసార్లు రాశాడు. లీకేజీ హద్దు మారినప్పుడు పదిహేనుచోట్ల దిద్ది, ఒకచోట మరిచిపోయాడు. శిక్షణకు ముందు ఆ ఒకటి ఏదో వెతకడానికి ఆమెకు వారం పట్టింది.

"అంటే తల్లి దగ్గర ఒక్కచోట దిద్దితే..."

"పిల్లలందరికీ దిద్దినట్టే."

"మరి బిడ్డ దగ్గర మారిస్తే తల్లి మారుతుందా?"

"మారదు. ఆ బిడ్డ వరకే."

"అచ్చం ఇంట్లోలాగే అన్నమాట" అంది మీటరమ్మ. ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది.

మధ్యాహ్నానికి ఆమెకు ఊపొచ్చి, చాలా యంత్రాల్లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి బ్యాటరీని కూడా ఒక పేరెంట్ చేసేస్తానంది. తోటికోడలు ఆపింది. "ఒక్కమాట అడుగుతా చెప్పండి. వార్మర్ ఒక యంత్రమేనా?"

"యంత్రమే."

"పంపు ఒక బ్యాటరీయేనా?"

"పంపు బ్యాటరీ ఎలా అవుతుంది? పంపులో బ్యాటరీ ఉంటుంది."

"అంతే. 'ఒక' అని నోటికి తిన్నగా వస్తే వారసత్వం. 'లో ఉంటుంది' అని వస్తే వారసత్వం కాదు, దాన్ని లోపల పెట్టుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న వేసుకోక మా పిల్లలు ఎంత గందరగోళం చేస్తారో."

లేచేటప్పుడు మీటరమ్మ గుమ్మం దగ్గర ఆగి, ఎనిమిదేళ్ళుగా మనసులో ఉన్న మాట అడిగేసింది. "ఆ రోజు గుమాస్తా ముందు నాకేమీ తెలీదన్నావు. గుర్తుందా?"

తోటికోడలికి గుర్తులేదు. చెప్పాక మొహం పాలిపోయింది. "అత్తయ్య ఆయాసపడుతుంటే కంగారులో ఏదో అనేశానేమో అక్కా. నువ్వు నాతో మాట్లాడ్డం మానేసింది అందుకా? నాకు ఉద్యోగముందని నీకు గిట్టదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నాకూ ఉద్యోగముందిగా, గిట్టకపోవడానికేముంది?"

పొద్దుట్నుంచీ మీరు మీరు అన్న మనిషి నువ్వులోకి దిగిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత వరుసగా ఐదు ఆదివారాలు మీటరమ్మ మెట్లెక్కింది. మధ్యలో వెనక్కి తిరిగింది లేదు.

రెండో నెల ముగిసేసరికి ప్రోగ్రాం తయారైంది. పైన యంత్రం క్లాసు, దాని కింద పదహారు పిల్లలు. పాతాయన రాసిన దానిలో మూడోవంతు కూడా లేదు. కొత్త పద్ధతి మొదలుపెట్టే ముందు రెండు వారాలు కార్డూ కంప్యూటరూ రెండూ నడవాలని మీటరమ్మే పట్టుబట్టింది. పెద్ద ఇంజనీరు ఒప్పుకున్నాడు.

మొదటి వారం సాఫీగా గడిచింది. రెండో వారం బుధవారం మధ్యాహ్నం ఆమె అన్నం తిని వచ్చేసరికి, పొడుగాయన ఒక వార్మర్ని ట్రాలీ మీద లిఫ్టు దగ్గరికి తోస్తున్నాడు. పైన కవలలు పుట్టారట, నెలలు నిండకుండా. నర్సమ్మ రెండుసార్లు ఫోన్ చేసిందట.

"కార్డు రాశావా?"

"తర్వాత రాస్తాలే అక్కా. కంప్యూటర్లో చేశాను, వాడొచ్చని పచ్చగా వచ్చింది."

"ఎర్తు ఎంతొచ్చింది?"

పొడుగాయన ఆలోచించాడు. "అది అడగలేదే! వేడెంత అని అడిగింది, ముప్పై ఆరున్నర కొట్టాను. వెంటనే పచ్చగా వచ్చేసింది."

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. మీటరమ్మ ట్రాలీకి అడ్డంగా నిలబడింది. వార్మర్ని వెనక్కి లాక్కెళ్ళి మీటరు తీసింది. ఎర్తు లేదు. ప్లగ్గు విప్పితే లోపల ఎర్తు తీగ ఊడి పక్కకు వాలి ఉంది. లీకేజీ హద్దుకు ఆరింతలు దాటింది. ఆ బల్లమీద చెయ్యి వేసిన నర్సుకో, పడుకోబెట్టిన పసిగుడ్డుకో... ఆమె ఆ ఆలోచనను అక్కడితో తుంచేసింది.

ముందు పని ముందు. మూల ఉన్న ఇంకో వార్మర్ని చేత్తో తనిఖీ చేసి, కార్డు నింపి, సంతకం పెట్టి పైకి పంపింది. పావుగంటలో నర్సమ్మ ఫోన్ చేసి కవలలిద్దరూ వెచ్చగా ఉన్నారంది. అప్పుడే ఆమె స్టూలు మీద కూలబడింది.

పొడుగాయన తప్పంతా తనదేనన్నట్టు నిలబడ్డాడు. "కార్డు రాసి ఉంటే అప్పుడే తెలిసేది."

"కార్డు రాయకపోవడం నీ తప్పే. పచ్చగా రావడం మాత్రం నా తప్పు" అని ఆమె తోటికోడలికి ఫోన్ చేసింది. క్లాసులో ఉన్నట్టుంది, వెనక పిల్లల గోల. అయినా ఎత్తింది.

"వార్మర్ క్లాసులో తనిఖీ అని మెథడ్ రాశావా అక్కా?"

"రాశాను. వేడి చూడాలి కదా."

"తల్లి క్లాసులో కూడా తనిఖీ అనే పేరే ఉందా?"

"ఉంది."

"చెప్పుకున్నాం కదా, తల్లిదీ బిడ్డదీ ఒకే పేరైతే బిడ్డదే నడుస్తుంది. తల్లిది పక్కకు పోతుంది. తల్లి చేసే పని కూడా కావాలంటే, బిడ్డ మెథడ్‌లో మొదటి వరుసలోనే సూపర్ అని తల్లిని పిలవాలి. పిలిచావా?"

మీటరమ్మ తెర ముందుకు జరిగి చూసింది. పదహారు క్లాసుల్లో పదమూడింట సూపర్ ఉంది. మూడింట లేదు. ఆ మూడు రకాల యంత్రాలూ మొదటి వారం కిందికి రానేలేదు. ఆ మూడింటినీ ఒకే రోజు రాసింది, ఆ రోజు ఆమెకు జ్వరం.

"పిలవలేదు" అంది. తప్పేమిటో తెలిసిపోయినందుకు గుండెమీది బరువు సగం దిగింది. దొరకని తప్పుతో బతకడం ఎంత కష్టమో, ఇరవై ఆరేళ్ళుగా యంత్రాలతో కాపురం చేసిన మనిషికి తెలుసు.

"పోన్లే అక్కా, మూడుచోట్ల మూడు వరుసలు కలుపు. అయిపోయింది."

కలిపింది. ప్లగ్గులో ఎర్తు తీగ ఊడి ఉండగానే మళ్ళీ తనిఖీ చేసింది. ఈసారి ఎర్తు ఎంతని అడిగి, ఎర్రగా చూపించింది. పొడుగాయన హమ్మయ్య అన్నాడు. ఆమె అనలేదు.

సాయంత్రం మేడమీద అదే మాట ఎత్తింది. "అయిపోయిందన్నావు గానీ అవలేదు. రేపు పదిహేడో యంత్రం వస్తుంది. నాలాంటిదే ఇంకొకతె కూర్చుని దాని క్లాసు రాస్తుంది. ఆవిడకీ ఒక రోజు జ్వరమొస్తుంది."

"అయితే?"

"తల్లిని పిలవడం పిల్లల ఇష్టానికి వదలకూడదు. పిలుపు తల్లి చేతిలోనే ఉండాలి. యంత్రం క్లాసులో తనిఖీ అన్నది ఒక్కటే ఉంటుంది. అది ముందు వైరు, ప్లగ్గు, ఎర్తు, లీకేజీ చూసేస్తుంది. చూశాక, ఇప్పుడు నీ సంగతి చెప్పమ్మా అని బిడ్డని అదే పిలుస్తుంది. బిడ్డ రాసుకునే మెథడ్‌కి సొంత తనిఖీ అని వేరే పేరు పెడదాం. అసలు తనిఖీ జోలికి ఏ బిడ్డా పోనక్కర్లేదు. అలా రాయొచ్చా, కుదరదా?"

తోటికోడలు గ్లాసు కింద పెట్టి ఆమె మొహంలోకి చూసింది. "కుదురుతుందక్కా. మా పిల్లలకి ఇది చెప్పేసరికి రెండో సంవత్సరం వస్తుంది. నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఎర్తు చూడకుండా స్విచ్చి వెయ్యడానికి వీల్లేకుండా కట్టడం మా పనేగా."

ఆ రాత్రికే ప్రోగ్రామంతా అలా మార్చి రాసింది. మర్నాడు పెద్ద ఇంజనీరు గదికి తనే వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ మాట బయటికి పోతే ప్రోగ్రామే వద్దంటారమ్మా" అన్నాడు.

"అందుకే ముందు మీకు చెబుతున్నానండీ. వద్దనే ముందు ఒక్కసారి కిందికొచ్చి చూడండి."

శుక్రవారం పొద్దున్న ఆయన వచ్చాడు. వెంట ఆసుపత్రి పెద్దలు మరో ఇద్దరొచ్చారు. మీటరమ్మ ఆ రోజు కోసం కావాలని ఒక ప్లగ్గులో ఎర్తు తీగ ఊడదీసి పెట్టింది. రకానికొకటి చొప్పున పదహారు యంత్రాలనూ వరుసగా పెట్టి, ఆ చెడ్డ ప్లగ్గునే ఒకదాని తర్వాత ఒకదానికి తగిలించింది. పొడుగాయన కంప్యూటరు ముందు కూర్చుని అది అడిగిన వాటికి జవాబులు కొట్టాడు. మొదటిది ఎర్రగా వచ్చింది. రెండోదీ అంతే. ఏడో యంత్రం దగ్గర పొడుగాయన వేలు జారి తప్పు అంకె కొడితే ఆమె తెర మీదికి వంగింది. ప్రోగ్రాం ఒప్పుకోలేదు, మళ్ళీ కొట్టమంది. పదహారోది కూడా ఎర్రగా వెలిగాక గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. చెడిపోయిందని చూపించినందుకు చప్పట్లు కొట్టడం ఆ వర్క్‌షాపులో అదే మొదటిసారి.

పెద్దల్లో ఒకాయన అడిగాడు. "మళ్ళీ కొత్త యంత్రం కొంటే ఇదంతా మొదట్నుంచీ రాయాలా?"

"అక్కర్లేదండీ. ఆ యంత్రానికి ప్రత్యేకంగా ఏముందో అదొక్కటే రాస్తాం. కరెంటు భద్రత సంగతంతా తల్లి క్లాసు చూసుకుంటుంది."

"ఎంతసేపు పడుతుంది?"

ఆమె పొడుగాయన వంక చూసి, "ఈయన రాస్తే ఒక పూట" అంది. పొడుగాయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత నిజంగానే నేర్చుకున్నాడు, అది వేరే సంగతి.

తనిఖీల పని బయటికి పోవడం లేదని ఆ మధ్యాహ్నమే కాగితం వచ్చింది. కార్డు రాయకుండా ఏ యంత్రమూ లిఫ్టెక్కకూడదన్న నియమం ఇంకో ఏడాది ఉంచాలని మీటరమ్మ అడిగితే, పెద్ద ఇంజనీరు అది కూడా రాసి ఇచ్చాడు. ఆమె కాగితం మడిచి నోటు పుస్తకంలో పెట్టుకుంది. కవలల్ని చూసిరమ్మని నర్సమ్మ పిలిస్తే పైకెళ్ళి అద్దం బయట నిలబడింది. ఇద్దరిలో ఒకడు ఆవులించాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు నెలలుగా ఆ బస్సులో ఆమె కళ్ళముందు క్లాసులూ మెథడ్లూ తిరుగుతూనే ఉండేవి. ఆ రోజు ఏమీ తిరగలేదు. చల్లగాలి మొహానికి తగిలేసరికి కళ్ళు మూతలు పడ్డాయి. కండక్టరు భుజం తట్టి, "అమ్మా, ఆఖరి స్టాపు" అనేదాకా మెలకువ రాలేదు. ఆమె దిగాల్సిన చోటు దాటి నాలుగు స్టాపులు వచ్చేసింది.

"ఒంట్లో బాగాలేదామ్మా?" అన్నాడు కండక్టరు.

"బాగానే ఉంది నాయనా. చాలా బాగుంది" అని నవ్వుకుంటూ దిగి, ఇంటివైపు నడక సాగించింది.